వాట్సాప్ గ్రూపులో ఫోటో పెడితే మోరీ కదలదు

హైదరాబాద్‌లో ఏ కాలనీ గ్రూపు తెరిచినా ఇదే వరస. పొద్దున్నే ఎవరో పొంగుతున్న మ్యాన్‌హోల్ ఫోటో పెడతారు. కింద నలుగురి దండాలు, ఇద్దరి కోపం బొమ్మలు, ఒకాయన "ఈ ఊరు బాగుపడదండీ" అని నిట్టూరుస్తారు. మధ్యాహ్నానికి దాని మీద ఎవరిదో పుట్టినరోజు శుభాకాంక్షలు వచ్చి పడతాయి. మర్నాడు మళ్లీ అదే మ్యాన్‌హోల్, కాకపోతే ఇంకో కోణంలో.

అధికారులతో పేచీ తరవాత పెట్టుకుందాం, ముందు మన సంగతి. ఏప్రిల్ నెలలో ఏడాది ఇంటి పన్ను మొత్తం కట్టేస్తే 5 శాతం రాయితీ అంటే 30వ తేదీ రాత్రి దాకా సర్వర్‌తో కుస్తీ పడతాం. ఆ డబ్బు ఏ గల్లీకి పోవాలో కాగితం మీదికెక్కే అక్టోబరు, నవంబరుల్లో మాత్రం ఒక్కరం సర్కిల్ ఆఫీసు గడప తొక్కం. జీహెచ్‌ఎంసీ చట్టం ప్రకారం కమిషనర్ వచ్చే ఏడాది బడ్జెట్ అంచనాలను నవంబరు 10లోపు స్టాండింగ్ కమిటీ ముందు పెట్టాలి. కౌన్సిల్ ఫిబ్రవరి 20లోపు ఆమోదించాలి. తేదీలు ఒక్కో ఏడాది జారుతుంటాయి, అది వేరే సంగతి. కింది నుంచి ప్రతిపాదనలు పోయేది మాత్రం ఆ బడ్జెట్ తయారయ్యే ముందే. మనం జూన్‌లో నీళ్లు ఇంట్లోకి వచ్చాక అరుస్తాం. అప్పటికి డబ్బు పంపకం అయిపోయి ఉంటుంది. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) చేతిలో మిగిలేది అత్యవసర మరమ్మతుల డబ్బు, రెండు బస్తాల సిమెంటు.

"వార్డు సభలు పెట్టరు కదా, మేమేం చేస్తాం" అనేవాళ్లకి ఒక మాట. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. మూడు లక్షలు, ఆపై జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని అందులోని 243ఎస్ అధికరణం చెబుతుంది. 2020 అక్టోబరులో మన శాసనసభ జీహెచ్‌ఎంసీ చట్టాన్ని సవరించింది. డివిజన్‌కి, అంటే వార్డుకి, నాలుగు కమిటీలు: యువతకొకటి, మహిళలకొకటి, వృద్ధులకొకటి, ప్రముఖ పౌరులకొకటి. ఒక్కోదాంట్లో 25 మంది. అప్పటి 150 డివిజన్లకి లెక్కేస్తే 15 వేల మంది. బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టాలన్నదీ ఆ సవరణలోనే ఉంది. మీ డివిజన్‌లోని ఆ 100 మందిలో ఒక్కరి పేరు చెప్పండి చూద్దాం. చెప్పలేకపోతే తప్పు మీదే అనను. జాబితా అడిగిన వాళ్లు ఎందరు అన్నదే నా ప్రశ్న.

ఇప్పుడు దీని మీద ఇంకో చిక్కు. 2025 చివర్లో శివారులోని 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లు విలీనమయ్యాయి, వార్డుల హద్దులు మళ్లీ గీశారు. 2021 ఫిబ్రవరిలో కొలువుదీరిన పాలకవర్గం అయిదేళ్ల గడువు 2026 ఫిబ్రవరితో తీరింది. కాబట్టి మీ ఇల్లు ఏ వార్డు, ఏ సర్కిల్ కిందికి వస్తుందో పాత పన్ను రశీదు చూసి అనుకోకండి, ఆఫీసులో అడిగి రాసుకోండి. పాత ఆఫీసులో ఇచ్చిన దరఖాస్తు కొత్త ఆఫీసుకు దానంతటది నడిచి రాదు. ఎన్నికయిన పాలకవర్గం లేని రోజుల్లో దాని అధికారాలు స్పెషల్ ఆఫీసర్ చేతిలో ఉంటాయి. కార్పొరేటర్ లేడని చేతులు ముడుచుకుంటే అర్థం లేదు. మధ్యలో సిఫారసు చేసే మనిషి లేనప్పుడు కాగితం ఇంకా గట్టిగా ఉండాలి.

ముందు ఏది ఎవరి పనో తేల్చుకోండి. సగం ఫిర్యాదులు ఇక్కడే చస్తాయి. గుండ్రటి మూత ఉన్న మ్యాన్‌హోల్‌లోంచి నల్లటి కంపు నీళ్లు వస్తే అది జలమండలి పని, 155313కి చేయాలి. రోడ్డు పక్క వాన నీటి కాలువ, నాలా పూడిక మున్సిపల్ ఇంజినీరింగ్ వాళ్లది. తీగ తెగి వేలాడుతుంటే విద్యుత్ సంస్థ, 1912. "డ్రైనేజీ జామ్" అని మున్సిపల్ యాప్‌లో కొడితే "మా పరిధి కాదు" అని రెండో రోజే మూసేస్తారు, అందులో వాళ్ల తప్పు కూడా లేదు. ఒక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. వాన పడగానే మురుగు లైను పొంగడానికి పెద్ద కారణం, మనం డాబా మీద వాన నీళ్ల పైపును తెచ్చి ఇంటి మురుగు చాంబర్‌లో కలపడం. మురుగు కోసం వేసిన పైపు అది. వీధిలో నలభై ఇళ్ల డాబాల నీళ్లు ఒకేసారి దిగితే పల్లంలో ఉన్న ఇంటి బాత్రూమ్‌లోంచి పైకి తన్నుతుంది. ఆ పల్లపు ఇంటాయన మాత్రం ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటాడు.

వీధి దీపాల సంగతి. "మా గల్లీలో లైట్లు లేవు" అని రాస్తే లైన్‌మన్‌కి ఏమీ తెలియదు. ఒక్క స్తంభం ఆరిపోతే బల్బు ఫిట్టింగ్‌ది లోపం. వరసగా ఎనిమిది పది ఆరిపోతే సీసీఎంఎస్ డబ్బా (వరస దీపాలను వేసి ఆర్పే కంట్రోల్ పెట్టె) దగ్గరో, కేబుల్‌లోనో పోయింది. పగలు వెలిగి రాత్రి ఆరిపోతుంటే డబ్బాలో టైమర్ గతి తప్పింది. ఈ ముక్క, స్తంభం నంబరు, డబ్బా ఏ మూల ఉందో రాస్తే నిచ్చెన బండి ఒక్కసారికే సరైన సామానుతో వస్తుంది. నంబరు చెరిగిపోతే పక్కనున్న ఇంటి నంబరు ఇవ్వండి. ఒక ఫిర్యాదులో ఒకటే పని రాయండి. గుంత, దీపం, చెత్త, కుక్కలు అన్నీ కలిపి కొడితే వాటిలో తేలికైనది చేసి మొత్తం ఫిర్యాదును "పరిష్కరించబడింది" అని మూసేస్తారు. అలా మూసేస్తే ఊరుకోకండి, అదే రోజు తేదీతో ఫోటో తీసి తిరిగి తెరిపించండి. అప్పటికీ కాకపోతే ఫిర్యాదు నంబర్లన్నీ ఒక కాగితం మీద రాసుకుని అధికారులు ఫిర్యాదులు వినే సోమవారం ప్రజావాణికి పోవాలి. వట్టి చేతులతో పోయి గోడు వెళ్లబోసుకుంటే "చూస్తాం" అంటారు. నంబర్లతో పోతే ఎవరు మూశారో అడగాల్సి వస్తుంది.

ఇవన్నీ చిల్లర మరమ్మతులు. రోడ్డు, కాలువ లాంటి అసలు పనులకి దారి వేరు. ఏఈ వచ్చి కొలిచి ఎస్టిమేట్ వేస్తారు, ఆయన పై ఇంజినీరు డీఈ చూస్తారు, మొత్తాన్ని బట్టి పైవాళ్ల టెక్నికల్ శాంక్షన్, పాలనాపరమైన మంజూరు, ఆ తరవాత టెండర్, అగ్రిమెంట్. ఈ గొలుసులో ఏ లంకె దగ్గర ఆగిందో తెలియకుండా "మా రోడ్డు ఎప్పుడేస్తారు" అంటే జవాబు ఎప్పుడూ "ప్రాసెస్‌లో ఉంది" అనే. ఎస్టిమేట్ పడిందా, పడితే ఏ తేదీ, ఎంత మొత్తం అని అడగండి.

కాలనీ సంఘాలు చేసే పెద్ద పొరపాటు ఇరవై పనుల జాబితా పట్టుకుపోవడం. మూడే పనులు రాయండి, వరస ప్రాధాన్యంతో. ప్రతిదానికీ ఎక్కడి నుంచి ఎక్కడిదాకా, పొడవు ఎన్ని మీటర్లు, వెడల్పు ఎంత, ఎన్ని ఇళ్లకి ఉపయోగం అన్నది ఉండాలి. సంఘం తీర్మానం కాపీ, ఇంటి నంబర్లతో సంతకాలు జత చేయండి. రెండు కాపీలు తీసి ఇన్‌వార్డులో (ఆఫీసుకు వచ్చే కాగితాలు తీసుకుని నమోదు చేసే చోట) ఒకటిచ్చి, రెండోదాని మీద ముద్ర, నంబరు, తేదీ వేయించుకోండి. ఏఈ గారి ఫోన్‌కి పంపిన ఫోటోకి ఇన్‌వార్డు నంబరు ఉండదు. ఆయన బదిలీ అయితే ఆయన ఫోన్‌తోపాటు మీ ఫోటో కూడా పోతుంది. పని తిరస్కరించడానికి మామూలుగా వచ్చే కారణాలు కూడా ముందే చూసుకోండి: కింద మురుగు లైను ఇంకా వేయలేదు, జలమండలి అదే వీధి తవ్వడానికి అనుమతి అడిగింది, వెడల్పు మీద కోర్టు కేసుంది. మురుగు లైను, నల్లా కనెక్షన్లు తేలకుండా సీసీ రోడ్డు వేయించుకున్న కాలనీ ఆరు నెలల్లో అదే రోడ్డును కట్టర్‌తో కోయించుకుంటుంది.

పని మంజూరయ్యాక జనం చేసే పని కొబ్బరికాయ దగ్గర ఫోటో దిగడం. అసలు కాపలా కాయాల్సింది ఆ తరవాత. లెక్క చూడండి. 100 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు గల్లీకి 15 సెంటీమీటర్ల మందంతో సీసీ రోడ్డంటే 60 ఘనపు మీటర్ల కాంక్రీటు. రెడీమిక్స్ లారీ సాధారణంగా 6 ఘనపు మీటర్లు తెస్తుంది. అంటే పది లారీలు. ఏడో లారీతోనే రోడ్డు చివరిదాకా వచ్చేసిందంటే మందం 10 సెంటీమీటర్ల దగ్గర ఆగిందన్నమాట. దీనికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు, గేటు దగ్గర కుర్చీ వేసుకుని లారీలు లెక్కపెట్టే రిటైర్డ్ పెద్దమనిషి ఒకరు చాలు. ప్రతి లారీతో చలాన్ వస్తుంది. దాని మీద కాంక్రీటు గ్రేడు, పరిమాణం, ప్లాంటులో బయల్దేరిన టైము ఉంటాయి. ఫోటో తీసుకోండి. పరచడం తేలికవుతుందని కూలీలు డ్రైవర్‌తో డ్రమ్ములోకి నీళ్లు కొట్టిస్తారు. ఆపాల్సింది అక్కడే. నీళ్లు కలిసిన కాంక్రీటు నున్నగా పరుచుకుంటుంది, రెండో వానాకాలానికి పైపొర లేచి కంకర పళ్లికిలిస్తుంది.

పోసిన మర్నాడు జాయింట్లు కోశారా చూడండి. కోయకపోతే కాంక్రీటు తనకిష్టమైన చోట పగులుతుంది. రెండు వారాలు తడి ఆరకూడదు, మట్టితో మడులు కట్టి నీళ్లు నిలబెట్టాలి, లేదంటే తడి గోనెసంచులు కప్పాలి. మన దగ్గర మూడో రోజుకే బైకులు, అయిదో రోజుకి ఇసుక ట్రాక్టరు. కాంట్రాక్టర్‌ని తిట్టే ముందు ఆ ట్రాక్టరు ఎవరింటికి వచ్చిందో కూడా చూడాలి మరి.

ఎత్తు సంగతి ఇంకా ముఖ్యం. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే వేసుకుంటూ పోవడం వల్లే ఎన్నో ఇళ్ల గేట్లు రోడ్డు కంటే కిందికి పోయాయి. పని మొదలయ్యే ముందు రోజే టేపుతో గడప నుంచి రోడ్డు దాకా ఎంత దిగువ ఉందో కొలిచి గోడ మీద గీత పెట్టండి, ఫోటో తీయండి. డాంబరు రోడ్డయితే మిల్లింగ్ చేసి, అంటే పాత పొర గీకేసి, వేస్తారా అని ఎస్టిమేట్‌లో చూడండి. ఎస్టిమేట్‌లో లేని పనిని గల్లీలో నిలబడి అడిగితే ఎవరూ చేయరు. మ్యాన్‌హోల్ మూతలు కొత్త ఎత్తుకి లేపారా అన్నది ఆ రోజే తేలాలి. కాంక్రీటు కింద పూడ్చేసిన మూత ఎక్కడుందో వెతకడానికి మళ్లీ రోడ్డే పగలగొట్టాలి.

పూడికతీతకీ ఇదే చూపు. బిల్లు ఘనపు మీటర్ల లెక్కన అవుతుంది. కాలువలోంచి తీసి పక్కనే కుప్ప పోసి వదిలేస్తే మొదటి వానకే తిరిగి అదే కాలువలో పడుతుంది, లెక్కలో మాత్రం "తీశారు". తీసే ముందు కర్ర గుచ్చి పూడిక లోతు ఎంతుందో ఫోటో, తీశాక అదే చోట ఇంకో ఫోటో, కుప్ప ఎత్తుకెళ్లిన బండి ఫోటో. మే నెలాఖరుకి ఈ మూడూ మీ దగ్గర లేకపోతే జూన్‌లో వాదించడానికేమీ ఉండదు.

చివరికి అన్నీ చేరే చోటు ఎం-బుక్, అంటే మెజర్‌మెంట్ బుక్. చేసిన పని కొలతలు అందులో రాశాకే బిల్లు కదులుతుంది. కాబట్టి అనుమానం ఉంటే బిల్లుకు ముందే రాతపూర్వకంగా ఇవ్వండి, కోర్ తీసి (రోడ్డుకి రంధ్రం వేసి కాంక్రీటు ముక్క బయటికి తీసి) మందం చూడమని అడగండి. డబ్బు పోయాక అడిగితే అది చరిత్ర పాఠమే.

ఎం-బుక్ చూపించకపోతే సమాచార హక్కు ఉంది. ఇక్కడా మనవాళ్లు "మా రోడ్డు నాసిరకంగా ఎందుకు వేశారు? బాధ్యులెవరు?" అని ఆవేశంగా రాస్తారు. అది ప్రశ్న, సమాచారం కాదు. రికార్డులో ఉన్నదే ఇస్తారు, అభిప్రాయాలు ఇవ్వక్కర్లేదు. ఇలా రాయండి: "ఫలానా రోడ్డు, ఫలానా ఇంటి నుంచి ఫలానా ఇంటి వరకు జరిగిన సీసీ రోడ్డు పనికి సంబంధించిన ఎస్టిమేట్, అగ్రిమెంట్, ఎం-బుక్ పేజీలు, నాణ్యత పరీక్ష నివేదికల ధృవీకరించిన నకళ్లు ఇవ్వగలరు." ఫీజు 10 రూపాయలు, నకలు పేజీకి 2 రూపాయలు. జవాబుకి 30 రోజులు. రాకపోతే 30 రోజుల్లోపు మొదటి అప్పీలు, అక్కడా తేలకపోతే 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కి రెండో అప్పీలు. చట్టంలోని 2(జె) ప్రకారం పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రి నమూనా ధృవీకరణతో తీసుకునే హక్కు కూడా ఉన్నాయి. దీన్ని వాడేవాళ్లు బహు తక్కువ.

అగ్రిమెంట్ కాపీ వచ్చాక అందులో డిఫెక్ట్ లయబిలిటీ గడువు ఏ తేదీ దాకా ఉందో ఎర్ర సిరాతో గుర్తు పెట్టుకోండి. ఆ తేదీకి నెల ముందు రోడ్డు చివరిదాకా నడిచి, ప్రతి పగులుకీ ఇంటి నంబరు వేసి ఒక ఉత్తరం ఇన్‌వార్డులో పడేయండి. కాంట్రాక్టర్ సొంత ఖర్చుతో బాగు చేయాల్సింది ఆ గడువు లోపలే. సంఘం కమిటీ మారినప్పుడు కొత్త సెక్రటరీకి గ్రూపు అడ్మిన్ హోదాతోపాటు ఈ ఫైలు కూడా అప్పగించండి.