మెట్ల మీది పాచి గారికి

మహారాజశ్రీ పాచి గారి సముఖమునకు,

రెండో అంతస్తులో అద్దెకున్న మనిషి నమస్కరించి, కుడి చెయ్యి కట్టులో ఉంది కనుక ఎడంచేత్తో వ్రాయునది. మొన్న మీ మీద కాలేసినందుకు మన్నించాలి. నా మణికట్టు ఎముక చిట్లింది. మీరు క్షేమమని తెలిసి సంతోషించాను.

ఓనరు అంకుల్ పరామర్శకు వచ్చారు. ముందు వంగి, గ్రానైటు మెట్టు అంచు వేలితో తడిమి చూసుకున్నారు. అది చిట్లలేదని తేలాక నావైపు తిరిగి, "చూసుకుని నడవాలి కదమ్మా" అన్నారు.

మీ వైభోగమే వేరండీ. మాకు పదకొండు నెలల అగ్రిమెంటు, రెండు నెలల అడ్వాన్సు, మేకు కొట్టాలంటే అనుమతి. మీకివేవీ లేవు. పైగా ట్యాంకు పొర్లి రోజూ మీ గుమ్మంలోకే నీళ్లు. నిండగానే మోటారు ఆగిపోయే స్విచ్ పెట్టించమని వాట్సాప్‌లో అడిగితే అంకుల్ దణ్ణం బొమ్మ పంపారు. మెట్ల లైటు సంగతా? మీకు చీకటే ఇష్టం కాబోలు.

అసలు ఈ మెట్లు ఎవరివండీ? నెలనెలా మెయింటెనెన్స్ తీసుకునేటప్పుడు "కామన్ ఏరియా కడిగించాలి కదమ్మా" అంటారు. చెప్పుల స్టాండు పెడితే "మెట్లు మీవి కావు, తీసేయండి" అంటారు. పడ్డాక మాత్రం నా కాలు, నా చెప్పు, నా ఖర్మ! ఆస్పత్రి బిల్లు చూపిస్తే, "రిపేర్లన్నీ మీవేనని అగ్రిమెంటులో రాసుకున్నాంగా" అన్నారు. గీజరు, ఫ్యాన్లు, నా మణికట్టు: అన్నీ ఫ్లాటు ఫిట్టింగులేనన్నమాట.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 108వ సెక్షన్ తిరగేశాను. ఓనరు తాను చేయించాల్సిన మరమ్మతు చెప్పినా చేయించకపోతే, మనం చేయించి ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చట. స్విచ్ కూడా ఈ లెక్కలోకే వస్తుందని వాదించి చూస్తాను. చేతికి మాత్రం నిర్లక్ష్యమని సివిల్ కోర్టులో దావా వేసుకోవాలి. ఎముక అతకడానికి ఆరు వారాలన్నారు డాక్టరు. దావా తేలేలోపు మీరు మూడో అంతస్తు కూడా ఎక్కేస్తారు.

మిమ్మల్నని ఏం లాభం? తడి ఉన్నచోట మొలిచారు. రోజూ మోటారు వేసి మరిచిపోయేది ఆయన, మెట్లు కడిగిస్తానని డబ్బులు తీసుకునేది ఆయన, చూసుకుని నడవాల్సింది నేను! రేపు పైనింటి మామ్మగారు జారితే ఆవిడకీ ఇదే చెబుతాడా?

ఎలక్ట్రీషియన్‌కు చెప్పేశాను. బిల్లు వచ్చే నెల అద్దెలో కోస్తానని అంకుల్‌కు రాతపూర్వకంగా నోటీసిచ్చాను. మీకిదే నోటీసు: ఆదివారం బ్లీచింగ్ పౌడరు, గట్టి చీపురుతో వస్తున్నాను. అడ్వాన్సు కట్టలేదు కనుక మీకు తిరిగిచ్చేదేమీ లేదు.

ఇట్లు,
రెండో అంతస్తు