ఆంప్లిఫయర్ వాల్యూమ్ నాబ్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ఆంప్లిఫయర్ వాల్యూమ్ నాబ్ గారి సముఖానికి,

విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలోని మా అపార్ట్‌మెంటు సాంస్కృతిక విభాగం తరఫున నమస్కరించి వ్రాయునది.

తాము మా సెల్లారులోని బీరువాలో కొలువుదీరి చాలా ఏళ్లయింది. ఈలోగా అధ్యక్షులు మారారు, కోశాధికారులు మారారు, గోడల రంగు రెండుసార్లు మారింది. తాము మాత్రం కుడివైపు చివరి గీతను వదలలేదు. ఒక దసరాకు ఆయుధపూజ చేస్తూ ఎవరో ఆ గీత మీదే కుంకుమ బొట్టు పెట్టడంతో, తమను అక్కడి నుంచి కదిలించడం అపచారమని అందరికీ స్థిరపడిపోయింది.

ఇన్ని మర్యాదలకు బదులుగా తాము మాకు ప్రసాదిస్తున్నది బుస. శ్రీరామనవమి కల్యాణంలో పురోహితులు గోత్రనామాల చీటీ కోసం పంచె మడతలు తడుముకుంటూ ఒక్క క్షణం ఆగగానే, రెండు స్పీకర్ బాక్సుల్లోంచి ‘స్‌స్‌స్’ అంటూ తమ ఆశీర్వచనం మొదలయింది. రాజాం నుంచి వచ్చిన మా వియ్యంకులవారు చెవి ఒగ్గి విని, "బావగారూ, సముద్రం ఇంత దగ్గరని చెప్పనేలేదే!" అన్నారు. సముద్రం నిజంగా దగ్గరే కాబట్టి నేను ఆయన మాటను దిద్దలేదు.

చేయని నేరాలు తమ మీద మోపను. ఈ ఊరి ఉప్పుగాలికి జాక్ పిన్నులకు చిలుము పట్టి వచ్చే గరగర వేరు. ఎర్తు సరిగా లేక 50 హెర్ట్జ్ కరెంటు తెచ్చిపెట్టే గుయ్యిమనే రొద వేరు. బుస మాత్రం అచ్చంగా తమ దయే.

మొన్న వినాయక చవితికి వచ్చిన సౌండు కుర్రవాడు, బొట్టు సంగతి తెలియక, వస్తూనే తమను పూర్తిగా ఎడమకు తిప్పేశాడు. తరువాత పద్యాలు పాడే మాస్టారిని పిలిచి, "హలో, మైక్ టెస్టింగ్ అనకండి మాస్టారూ, స్టేజీ మీద ఎంత గట్టిగా ఎత్తుకుంటారో అంత గొంతుతోనే పద్యం పాడండి" అన్నాడు. మాస్టారు రాగం తీస్తుండగా, మైకులన్నీ వచ్చి కలిసే మిక్సర్ మీద అన్నిటికన్నా పైన, ఇన్నేళ్లుగా దుమ్ము పట్టి ఉన్న గెయిన్ అనే చిన్న నాబ్‌ను మెల్లగా పెంచుకుంటూ పోయి, సిగ్నల్ హద్దు దాటబోతోందని చెప్పే పీక్ లైటు ఎర్రగా మిణుకుమనగానే కాస్త వెనక్కి తగ్గించాడు. పైకీ కిందికీ జరిపే మీటలైన చానల్ ఫేడర్‌ను, మాస్టర్ ఫేడర్‌ను సున్నా గీత దగ్గర నిలిపాడు. అన్నీ అయ్యాకే తమ వంతు వచ్చింది. చివరి వరుసలో కూర్చున్న మామ్మగారు "ఆ, వినపడుతోంది బాబూ" అనేవరకు తిప్పి వదిలేశాడు. తాము సగం దూరం కూడా వెళ్లలేదు.

అతడు చెప్పిన కారణం ఇది. నోటికి దగ్గరగా పెట్టుకుని మాట్లాడినా మామూలు డైనమిక్ మైకు పుట్టించేది 2 మిల్లీవోల్టులకు అటూ ఇటూగా ఉంటుంది. మిక్సర్ నుంచి బయటికి వెళ్లవలసిన ప్రొఫెషనల్ లైను స్థాయి 1.23 వోల్టులు, అంటే సుమారు 600 రెట్లు. ఈ పెంపకమంతా గుమ్మంలోనే, గెయిన్ దగ్గరే జరిగిపోవాలి. మేము గెయిన్‌ను 20 డెసిబెల్స్ తక్కువగా, అంటే వోల్టేజీలో పదో వంతుకే ఉంచి, ఆ లోటును తమ చేత పూడ్పించాము. దానితో గొంతు యథాస్థానానికి వచ్చింది కానీ, మిక్సర్ లోపలి సర్క్యూట్లలో ఎప్పుడూ ఉండే సన్నని బుస వోల్టేజీ లెక్కలో 10 రెట్లు అయి కూర్చుంది. గొంతు ఏదో, చప్పుడు ఏదో తమకు తెలియదు. వచ్చినదాన్నల్లా సమదృష్టితో పెంచడమే తమ ధర్మం.

దీనికి మా కోశాధికారిగారు ఒప్పుకోలేదు. "500 వాట్లకు డబ్బు పోసి సగానికి తిప్పుతారా? మిగతా 250 వాట్లు ఎవరికి?" అన్నారు. తాము వాట్లను వదిలే కొళాయి కాదని, లోపలికి వచ్చే సిగ్నల్‌ను గుమ్మం దగ్గర తగ్గించే ద్వారపాలకులు మాత్రమేనని, మిక్సర్ తగినంత పంపితే సగం దగ్గర కూడా పూర్తి వాట్లు వస్తాయని ఆయనకు అరగంట చెప్పాము. ఆయన అంతా విని, పోనీ వాడని మూడు మైకులైనా తెరిచి ఉంచమన్నారు. తెరిచిన మైకుల సంఖ్య రెట్టింపైనప్పుడల్లా స్పీకరు శబ్దం మళ్లీ మైకులోకి దూరి పెట్టే కూతకు ముందు మనకు మిగిలే జాగాలో 3 డెసిబెల్స్ పోతాయని చెబితే, అద్దె మాత్రం నాలుగింటికీ ఇస్తున్నాం కదా అన్నారు.

నిమజ్జనం మర్నాడు చూస్తే తాము మళ్లీ కుంకుమ బొట్టు మీదే ఉన్నారు. ఎవరు తిప్పారని అడిగితే ఎవరూ మాట్లాడలేదు. అందుచేత ఆ బొట్టును తడిగుడ్డతో తుడిచి, సగం దగ్గర తెల్ల టేపు అంటించాను. అంతకుమించి తిరగదలిస్తే ముందుగా లిఖితపూర్వకంగా తెలియజేయగలరు. బీరువా తాళంచెవి ఇకమీదట నా దగ్గర ఉంటుంది.

ఇట్లు,
తమ ఎడమవైపు విధేయుడు,
సాంస్కృతిక విభాగం