అడ్డతీగ గారికి, చెట్ల తరఫున

తూర్పు కనుమల్లో వేంచేసియున్న శ్రీ అడ్డతీగ గారికి,

నమస్కారం. మీ మీద ఫిర్యాదులు చాలానే పోగయ్యాయి. గుగ్గిలం, టేకు, మద్ది నోరు లేనివి కాబట్టి వాటి తరఫున నేను రాస్తున్నాను. అవి నన్ను అడగలేదు. అడక్కుండానే వకాల్తా పుచ్చుకోవడం మాకు అలవాటే.

మొదటి ఫిర్యాదు మీ ఎదుగుదల గురించి. ఒక మద్ది మొక్క ఎండ మొహం చూడాలంటే ఏళ్ల తరబడి మాను కట్టుకోవాలి. సంపాదించినదాంట్లో సింహభాగం కలపకే పోతుంది. మీరు ఆ తలనొప్పే పెట్టుకోలేదు. లేత కొమ్మ మీద జంటగా రెండు నులితీగలు, గడియారం స్ప్రింగులా చుట్టుకుని ఉంటాయి. ఏ కొమ్మ అందితే దాన్ని పట్టుకుంటాయి, ఇక వదలవు. మాను మీద మిగుల్చుకున్నదంతా ఆకుల్లో పెట్టారు. ఆకంటే మామూలు ఆకా! కొసన రెండుగా చీలి, అడుగున తుప్పురంగు నూగుతో, బాగా ఎదిగితే మూరెడు. చెట్టు చచ్చీచెడీ పైకి చేరి చూసుకునేసరికి దాని నెత్తిన మీ ఆకులు పరుచుకుని ఉంటాయి. అక్కడితో ఆగకుండా పక్క చెట్టు మీదకీ, ఆ పక్క చెట్టు మీదకీ.

మీ జాతి గుట్టు డార్విన్ ఎప్పుడో బయటపెట్టాడు. జబ్బు చేసి గదిలో పడి ఉన్నప్పుడు కుండీలో తీగ ఎలా తిరుగుతుందో చూస్తూ కూర్చుని, తక్కువ ఖర్చుతో వెలుగు అందుకోవడానికే ఇవి పాకుతాయని 1865లో రాశాడు. మంచం మీద ఉన్న మనిషికి కూడా మీ లెక్క తెలిసిపోయిందంటే, ఎంత బాహాటంగా చేస్తున్నారో ఆలోచించండి.

రెండోది నీళ్ల సంగతి. అడవితీగల ముదురు కాండాన్ని అడ్డంగా కోస్తే సూదితో పొడిచినట్టు కన్నాలు కంటికే కనిపిస్తాయి. నీరు తోడే గొట్టాలవి. అంత లావు గొట్టాలు పెట్టుకుని, ఎండాకాలంలో చెట్లన్నీ ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఉంటే మీవాళ్లు ఏం చేస్తారయ్యా అంటే, పెరుగుతారు! పనామా అడవిలో కొలిచి చూశారు. వానాకాలంలో తీగలు చెట్లకు రెండింతలు పొడవు సాగితే, ఎండాకాలంలో ఏడింతలు సాగాయి. కరువులో బాగుపడేవాళ్లను మేం చాలామందినే చూశాం గానీ ఈ రేటు చూడలేదు.

ఇక మూడోది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ల గురించి విన్నాం. మీరు లెక్కపెట్టి ఊరుకోరు. మీ బరువుకు ఒక చెట్టు ఒరిగితే, మీ తీగలతో ముడిపడ్డ పక్క చెట్లను కూడా లాక్కుని పడుతుంది. చెట్టు చచ్చిపోతుంది. మీకేమో వంగే ఒళ్లు, విరగదు. నేలకు తగిలిన చోటల్లా వేరు దింపి, చెట్టు పడ్డ సందులోంచి వచ్చే ఎండలో కొత్త కాపురం మొదలుపెడతారు. పరామర్శకు వచ్చి ఇల్లు రాయించుకుపోయినట్టు.

ఇవన్నీ కోపంతో అంటున్న మాటలు కావు. పనామాలోనే 2011లో కొన్ని తావుల్లో తీగలన్నీ నరికేసి, కొన్నిటిని అలాగే వదిలేసి మూడేళ్లు చూశారు. తీగలున్న చోట అడవి ఏటా కొత్తగా దాచుకునే కర్బనం 76 శాతం తగ్గింది. ఇది చదివాక నాకు మీ మీద కేసు గెలిచినంత ఆనందం వేసింది.

అయితే చిన్న చిక్కు వచ్చింది. అమెజాన్‌లో పెద్ద తీగల జోరు పెరుగుతోందని 2002లో శాస్త్రవేత్తలు రాశారు. కాంగోలోని ఇటూరి అడవిలో మాత్రం తగ్గాయట, అది వేరే సంగతి. పెరిగిన చోట ఎవరి అండ చూసుకుని పెరిగారా అని ఆరా తీస్తే, కారణం ఇదీ అని ఇంకా తేలలేదు గానీ అనుమానితుల జాబితాలో ఉన్నవి ఇవి: గాలిలో పెరిగిన కార్బన్ డయాక్సైడ్, ముదిరిన ఎండలు, నరికి చిల్లులు పొడిచిన అడవులు. ఫైలు తిరిగి తిరిగి మా టేబుల్ మీదకే వచ్చేలా ఉంది. కాబట్టి ఆ పేజీ పక్కన పెట్టాం.

మీ తరఫు సాక్షులు కూడా వచ్చారు. నేల మీద కాలు పెట్టకుండా చెట్టు నుంచి చెట్టుకు వెళ్లడానికి మీరే దారి అని బెట్టుడుత చెప్పింది. కోతులూ అదే మాట. విచారణ మధ్యలోనే మీ మీదుగా పక్క చెట్టుకు వెళ్లిపోయాయి కనుక వాంగ్మూలం పూర్తి కాలేదు. మన్యంలో ఆడవాళ్లు పొద్దున్నే వెళ్లి మీ ఆకు కోసి, ఎండబెట్టి, ఈనెపుల్లలతో విస్తళ్లు కుట్టి సంతకు తెస్తారు. మీ నారతో తాళ్లు పేనుతారు, పిక్కలు కాల్చుకుని తింటారు. ఏటా చేతికొచ్చే ఈ రాబడిని సర్కారు కాగితాల్లో చిన్న తరహా ఫలసాయం అంటారు. కొన్ని దశాబ్దాలకు ఒకసారి దుంగ అయ్యేదాన్ని అలా అనరు. దుంగ సొట్ట పడకూడదనే కదా, తెల్లదొరల కాలం నుంచీ క్లైంబర్ కటింగ్ పేరుతో మీ మొదళ్లు నరికిస్తున్నది! నరికిన మోడు నుంచి మీరు మళ్లీ పిలకలు వేస్తారు. పెద్దల మాట వినే రకం కాదు మీరు. పైగా మన్యంలో అడ్డతీగల అని ఏకంగా ఒక మండలమే ఉంది. నా పేరున మా వీధి మూలమీద బోర్డు కూడా లేదు.

కనుక ఈ లేఖ అందిన వెంటనే ఎక్కిన చెట్లన్నీ దిగి, సొంత మాను కట్టుకునే ప్రయత్నం మొదలుపెట్టగలరు.

ఇట్లు,
చెట్ల శ్రేయోభిలాషి
(టేకు సోఫాలో కూర్చుని రాసినది)

తా.క.: వచ్చే నెల మా ఇంట్లో పెళ్లి. ప్లాస్టిక్ ప్లేట్లు 2022 జూలై నుంచి నిషేధం కదా, పైగా అబ్బాయి వాళ్లు అడ్డాకు విస్తరైతేనే సంప్రదాయంగా ఉంటుందంటున్నారు. చిరుగుల్లేని ముదురాకు, సాంబారు కారకుండా దగ్గరగా కుట్టినవి కావాలి. కుట్టేవాళ్లు రేటు కాస్త ఎక్కువే చెప్తున్నారు, మీరొక మాట చెప్పి తగ్గించగలరు.