ప్లాస్టిక్ అయినంత మాత్రాన తేలికేం కాదు
సింథటిక్ ఫ్లూట్ తేలిగ్గా ఉంటుంది కాబట్టి ఐరిష్ సంగీతం కొత్తగా మొదలుపెట్టేవాళ్లు అదే కొనుక్కోవాలని ఓ వ్యాసంలో రాశారు. కొనమనడం సరే, చెప్పిన కారణమే సరిగ్గా లేదు. ఈ ఫ్లూట్లకు ఎక్కువగా వాడే డెల్రిన్ అనే గట్టి ప్లాస్టిక్ సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.4 గ్రాములు. పాతకాలం నుంచి వాడే చెక్క, ఆఫ్రికన్ బ్లాక్‌వుడ్‌ది దాదాపు 1.2 నుంచి 1.3. ఒకే కొలతలతో చేస్తే డెల్రిన్‌దే బరువు ఎక్కువన్నమాట! నిజంగా తేలిక కావాలంటే గోడ పల్చగా ఉండే కార్బన్ ఫైబరో, పీవీసీ గొట్టమో చూసుకోవాలి. పీవీసీతో ఇంకో తంటా ఉంది: గొట్టం పొడుగునా ఒకే వెడల్పు కావడంతో రంధ్రాలు ఎడంగా పడతాయి, కుడిచేతి ఉంగరపు వేలు బాగా చాపాల్సి వస్తుంది. చేతులు చిన్నవైతే మరీ కష్టం. కింది వైపు సన్నబడుతూ వచ్చే డెల్రిన్ ఫ్లూట్లకు ఈ బాధ తక్కువ. డెల్రిన్‌ని నేను మెచ్చుకునేది దాని మొండితనానికి. చలికాలం హీటర్ వేసిన గదిలో చెక్క ఎండి పగులుతుందేమోనని బెంగ ఉంటుంది, దీనికి అదేం లేదు. గంటసేపు రీల్స్ (వేగంగా సాగే ఐరిష్ నాట్య బాణీలు) వాయించాక లోపలి నుంచి నీళ్లు కారుతుంటే కుళాయి కింద పెట్టి కడిగేస్తాను, చెక్కదాన్ని అలా చేసే ధైర్యం ఎవరికుంది? కీల కోసం, అంటే అదనపు స్వరాలకు ఫ్లూట్‌కి బిగించే మీటల కోసం, డబ్బు పోయొద్దు. సెషన్లలో, అంటే అందరూ చేరి వాయించే కూడికల్లో, ఎక్కువ ట్యూన్లు డి, జి శ్రుతుల్లోనే ఉంటాయి, వాటికి కీలు అక్కర్లేదు.