అవుటర్లో అద్దెకు గది

బెజవాడ శివార్లలో పాత రైలు పెట్టెలు దించి, గదులుగా మార్చి, రాత్రికి ఆరు వేలకు ఇస్తారట. వాట్సాప్‌లో తిరుగుతున్న రంగు కాగితం మీద "కాలం ఆగిపోయిన అనుభూతి" అని రాసుకున్నారు. ఆ అనుభూతి మన ఊళ్లో ఎన్నాళ్ల నుంచో ఉచితం. దాని పేరు అవుటర్, స్టేషన్ బయట సిగ్నల్ కోసం బండి ఆగిపోయే చోటు. మద్రాసు వైపు నుంచి వస్తే కృష్ణా కెనాల్ దగ్గర, విశాఖ వైపు నుంచి గుణదల దగ్గర, హైదరాబాదు వైపు నుంచి రాయనపాడు దగ్గర. బ్యాగులు దించి, చెప్పులేసుకుని, తలుపు దగ్గర వరస కట్టి, "వచ్చేశాం, అవుటర్లో ఉన్నాం, స్కూటర్ తియ్" అని ఇంటికి ఫోన్ చేశాక, కదలని పెట్టెలో ముప్పావు గంట నిలబడని మనిషి ఈ జిల్లాలో ఎవరున్నారు? ఇప్పుడు దానికి బిల్లేస్తారు. పైన జీఎస్టీ.

నిజానికి ఆలోచన కొత్తదేం కాదు. ఇంగ్లండులో ఎల్ఎన్ఈఆర్ అనే రైల్వే కంపెనీ 1933లోనే, పరుగుకు పనికిరాని పెట్టెల్ని పల్లె స్టేషన్ల పక్కన సైడింగుల్లో, అంటే బళ్లు నిలిపే పక్క పట్టాల మీద, నిలిపి వారాల లెక్కన అద్దెకిచ్చింది. నీళ్లు స్టేషన్ నుంచి మోసుకోవాలి, మరుగుదొడ్డి కూడా స్టేషన్‌దే. కాకపోతే అది ఎండ కాస్తే పండగ చేసుకునే దేశం. మే నెల బెజవాడలో ఇనప పెట్టెలో పడుకోబెట్టడాన్ని మాత్రం బస అనరు, ఆవిరి కుడుము అంటారు.

సరే, పెట్టాలనే పట్టుదల ఉన్నవాళ్ల కోసం లెక్క చెబుదాం. దొరికేది ఐసీఎఫ్ పెట్టె, అంటే మద్రాసు పెరంబూరులోని ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీది. ఆ ఫ్యాక్టరీ 1955లో మొదలైంది. ఈ పాత డిజైన్ తయారీ 2018లో ఆపేశారు. పెట్టె ఆయుష్షు పాతికేళ్లు. ఆ తర్వాత తుక్కు కింద వేలం. పొడవు 21.337 మీటర్లు. అంటే మీ స్థలానికి వెళ్లే డొంకదారి మలుపులో పెట్టెను మోసే పొడవాటి లోబెడ్ ట్రెయిలర్ తిరుగుతుందో లేదో ముందు టేపు పట్టుకుని కొలవాలి, తర్వాత వేలం పాట పాడాలి. చాలామంది పాట ముందు పాడతారు. దించడానికి రెండు క్రేన్లు, చెరో చివర. డబ్బులు మిగుల్చుకుందామని ఒకటే క్రేన్ తెచ్చి మధ్యలో బెల్టు వేశారా, పెట్టె నడుం వంగుతుంది, తలుపులు పట్టేస్తాయి. బోగీలు, అంటే కింద చక్రాలుండే చట్రాలు, లేకుండా దిమ్మెల మీద కూర్చోబెడితే ఆ దిమ్మెలు సరిగ్గా బోగీలుండే చోటే కట్టాలి, ఒకదానికొకటి 14.783 మీటర్ల దూరంలో. మేస్త్రీ "సుమారుగా కట్టేశానండి" అన్నాడంటే పని చెడినట్టే.

తుప్పు సంగతి వేలం కాగితంలో రాయరు. అది పెట్టెను ముందు తినేసేది తలుపుల దగ్గరా, మరుగుదొడ్ల కిందా. ఏళ్ల తరబడి నీళ్లు కారి, నేల కింద ముడతల రేకులో నిలిచి, సోల్‌బార్, అంటే పెట్టె అడుగున పక్కల పొడవునా ఉండే ఇనప దూలం, లోపలి నుంచి పొరలు పొరలుగా ఊడుతుంది. పైన మాత్రం నీలం రంగు నిగనిగలాడుతుంది. సుత్తి పట్టుకెళ్లి కొట్టి చూడండి. ఖంగుమంటే ఇనుము, మొద్దుగా పలికితే అప్పడం.

ఫ్యాన్లు పాతవే ఉంచుతారట, వారసత్వం కదా. అవి 110 వోల్టుల డీసీ మీద తిరిగేవి. ఇంటి కరెంటు నేరుగా ఇస్తే తిరగవు, కాలతాయి. అసలు కరెంటున్నప్పుడే సగం ఫ్యాన్లు దువ్వెన పెట్టి తోస్తే గానీ కదిలేవి కావు. ఆరు వేలిచ్చిన అతిథికి దువ్వెన కూడా కిట్‌లో ఇస్తారని ఆశిద్దాం. ఇంకో మాట, ఇది నవ్వులాటకు కాదు: పెట్టె మొత్తం ఇనుము. ఒక్క తీగ తొడుగు ఊడి రేకుకు తగిలిందంటే గదులన్నీ ఒకేసారి షాక్ కొడతాయి. ఎర్తింగ్, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఈఎల్‌సీబీ పెట్టకుండా దీపాలు వెలిగించినవాణ్ని పోలీసులకు అప్పగించాలి.

ఇక బస. ఒక కుటుంబం దిగిందనుకుందాం, వెంట అమ్మమ్మ. నల్లకోటు తొడిగిన కుర్రాడు చార్టు చూసి "మీది డీలక్స్ అండి" అంటాడు. రెండు బేలు, అంటే ఎదురెదురు బెర్తుల అరలు, కలిపి ఒక గది. మధ్య బెర్తు పీకేశారు, డబుల్ మంచం అడ్డంగా పెట్టారు. దిగాలంటే ఒకళ్ల తర్వాత ఒకళ్లు. గొలుసు లాగితే కాఫీ వస్తుంది. అసలు రైల్లో ఊరికే లాగితే వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా ఏడాది దాకా జైలు. ఇక్కడ కాఫీకి నూట ఎనభై. అమ్మమ్మ ముందు బ్యాగును సీటు కింద కొక్కేనికి గొలుసేసి తాళం పెట్టింది. పులిహోర పొట్లం విప్పింది.

"ఏరా అబ్బాయ్, ఇది ఏ స్టేషను?"

"స్టేషన్ కాదు అమ్మమ్మా, హోటలు."

"హోటలైతే కదలదా?"

"కదలదు."

ఆవిడ లేచి మరుగుదొడ్డి దాకా వెళ్లి, తిరిగొచ్చి కూర్చుంది. అలంకారం కోసం పాత బోర్డు అలాగే ఉంచారు: రైలు స్టేషన్లో ఆగి ఉన్నప్పుడు మరుగుదొడ్డి వాడరాదు. ఆవిడ జీవితంలో రైల్వే మాట జవదాటలేదు. పదింటికి అడిగింది, పన్నెండింటికి అడిగింది. "బండి కదలనీరా, వెళ్తాను." మూడున్నరకు అందర్నీ లేపి, దుప్పట్లు మడిపించి, తలుపు దగ్గర నిలబెట్టింది. బెజవాడ వస్తుందని.

పాత స్టేషన్లలో కూడా బస పెడతారట. స్పెయిన్‌లో కాన్‌ఫ్రాంక్ స్టేషన్ 1928లో తెరిచారు, ఫ్రాన్సు వైపు వంతెన 1970లో కూలి అటు బళ్లు ఆగాయి, 2023లో హోటలైంది. అక్కడ వంతెన కూలింది. ఇక్కడ ఏం కూలిందని? 2020లో కరోనా పేరు చెప్పి ప్యాసింజర్లు ఆపారు. మళ్లీ వదిలినప్పుడు వాటికే ఎక్స్‌ప్రెస్ అని పేరు పెట్టి, పది రూపాయల కనీస టిక్కెట్టును ముప్పై చేసి, 2024 ఫిబ్రవరి దాకా వసూలు చేశారు. కొన్ని హాల్టుల్లో బండి ఆగడమే మానేసింది. బండి ఆగని స్టేషన్లో మనిషి ఆగాలట, పైగా డబ్బిచ్చి.

పెట్టెల్లో మనుషుల్ని ఉంచితే ఏమవుతుందో రైల్వేకు తెలియంది కాదు. అదే 2020లో 5,231 పెట్టెల్ని కరోనా వార్డులుగా మార్చారు. మధ్య బెర్తులు తీశారు, ఒక మరుగుదొడ్డిని స్నానాల గది చేశారు, దోమతెరలు కట్టారు. ఎండల్లో లోపలి వేడి ఎలా తగ్గించాలా అని పైకప్పు మీద రకరకాల కప్పులు వేసి చూశారు. రోగికి పనికిరాని వేడి టూరిస్టుకు అనుభూతి ఎలా అయింది?

అసలు కదలని పెట్టెలో కాపురం ఉండేవాళ్లు ఎప్పటి నుంచో ఉన్నారు. ఏ స్టేషన్ చివరైనా సైడింగులో చూడండి, పసుప్పచ్చ ట్యాంపింగ్ మెషీన్ వెనక ఒక పాత పెట్టె. క్యాంప్ కోచ్ అంటారు. పట్టాల కింద కంకర సర్దే మెషీన్ సిబ్బంది వంటా, పడకా, జ్వరమొస్తే మూలుగూ అన్నీ అందులోనే. వాళ్ల గురించి రంగు కాగితం వేసినవాడు లేడు. మీరు ఏసీ పెట్టెలో కుదుపు లేకుండా నిద్రపోతున్నారంటే ఆ రేకు డబ్బాలో ఒకడు నిద్ర చెడగొట్టుకున్నాడు కాబట్టి. సిగ్గుండాలి, వాడు విధి లేక బతికే బతుకును పరుపేసి సెలవుల సరదాగా అమ్మడానికి! కిటికీ నుంచి సిగ్నల్ స్తంభం దాకా తాడు, దాని మీద లుంగీలు, బనీన్లు. రాత్రి రెండింటికి "బ్లాక్ ఇచ్చారు, పదండి" అని తలుపు కొడతారు, పని కోసం ఆ దారిలో బళ్లు ఆపారని అర్థం. పని ముగించుకుని వచ్చేసరికి తెల్లారి ఉంటుంది, రేకు అప్పుడే కాగడం మొదలెడుతుంది.