2 మిల్లీమీటర్లు పెరిగిందా, పెరిగినట్టు కొలిచామా?

క్యాన్సర్ చికిత్స నడుస్తున్న ఇంట్లోకి స్కాన్ రిపోర్టు వచ్చిందంటే అందరి కళ్లూ ఒక్క అంకె మీదే. పోయినసారి 18 మిల్లీమీటర్లు, ఈసారి 20. పెరిగింది! ఇక ఆ రాత్రి ఎవరికీ నిద్ర పట్టదు. కానీ ఆ 2 మిల్లీమీటర్లూ గడ్డవేనా? కొలిచిన చేతివి కావచ్చు, రోగి పీల్చిన ఊపిరివి కావచ్చు, యంత్రం తీసిన పొరలవీ కావచ్చు. డాక్టర్లకు ఇది తెలియని సంగతేమీ కాదు. రిపోర్టులో మాత్రం ఎక్కడా కనబడదు. నా అభ్యంతరం అక్కడే.

అసలు ఆ అంకె ఎలా పుడుతుందో చూడండి. రేడియాలజిస్టు తెర మీద బొమ్మల్ని పొర తర్వాత పొరగా దొర్లిస్తూ, గడ్డ అన్నిటికంటే పెద్దగా కనబడిన చోట ఆగుతారు. ఈ అంచున ఒక క్లిక్కు, ఆ అంచున ఇంకో క్లిక్కు. మధ్యలో గీత పడుతుంది, పక్కన అంకె వస్తుంది. కంప్యూటర్ దాన్ని దశాంశం దాకా చూపిస్తుంది. గీత పొడవు అంత కచ్చితమే, సందేహం లేదు. అంచు ఎక్కడుందో తేల్చింది మాత్రం మనిషి కన్ను. ఊపిరితిత్తుల్లో కొన్ని గడ్డలకు చుట్టూ ముళ్లలాంటి కొసలుంటాయి. వాటిని కలిపి కొలవాలా, వదిలేయాలా? గడ్డ పక్కనే ఊపిరితిత్తి ముడుచుకుపోయి ఉంటే రెండూ ఒకే బూడిద రంగులో కలిసిపోతాయి. అక్కడ ఇద్దరు రేడియాలజిస్టులు రెండు గీతలు గీస్తే ఇద్దరినీ తప్పు పట్టలేం.

ఈ తంటా స్కాన్లతో మొదలైంది కాదు. 1976లో మోర్టెల్, హాన్లీ అనే పరిశోధకులు ఒక సరదా పరీక్ష పెట్టారు, ఫలితం మాత్రం సరదాగా లేదు. 12 గట్టి గోళాలను మెత్తటి నురగ పొర కింద దాచి, అనుభవమున్న 16 మంది క్యాన్సర్ వైద్యుల్ని చేత్తో తడిమి కొలవమన్నారు. గోళాలు పెరిగేవీ కావు, తరిగేవీ కావు. అయినా 25 శాతం తగ్గితే మందు పనిచేసినట్టు అని లెక్క పెట్టుకుంటే, దాదాపు 20 నుంచి 25 శాతం పోలికల్లో, నిజానికి లేని తగ్గుదల కనబడింది. హద్దును 50 శాతానికి జరిపితే ఆ పొరపాటు 7, 8 శాతానికి దిగింది. 1979లో డబ్ల్యూహెచ్‌ఓ ప్రమాణాల్లో, మందు పనిచేసిందనాలంటే గడ్డ పొడవు, వెడల్పుల లబ్ధం సగానికి తగ్గాలన్న నిబంధన వెనుక ఉన్నది ఈ లెక్కే. అంటే ఆ హద్దు పుట్టింది క్యాన్సర్ స్వభావం నుంచి కాదు, మన చేతుల తడబాటు నుంచి.

గడ్డ మందుకు లొంగిందో లేదో తేల్చడానికి 2000లో వచ్చిన ‘రెసిస్ట్’ ప్రమాణాలు పనిని తేలిక చేశాయి. అతి పొడవైన అడ్డుకొలత ఒక్కటి చాలన్నాయి. 2009 సవరణ ప్రకారం మొత్తం మీద 5 గడ్డలు, ఒక అవయవంలో 2కి మించకుండా ఎంచుకుని, కొలతలన్నీ కూడతారు. లింఫు గ్రంథులకు మాత్రం పొట్టి కొలత తీసుకుంటారు. మొత్తం 30 శాతం తగ్గితే మందు పనిచేస్తున్నట్టు. 20 శాతం పెరిగి, ఆ పెరుగుదల కనీసం 5 మిల్లీమీటర్లుంటే జబ్బు ముదిరినట్టు. ఆ 5 మిల్లీమీటర్ల షరతు పెట్టిందే చిన్న గడ్డల్లో మిల్లీమీటర్ల ఊగిసలాటను చూసి బెదిరిపోకుండా ఉండటానికి. మన 18, 20 కథ ఆ గీత దగ్గరికి కూడా రాదు.

ఇక్కడో మెలిక ఉంది. పెరుగుదలను లెక్కించేది మొదటి స్కాన్ నుంచి కాదు, అన్నిటికంటే తక్కువ కొలత వచ్చిన స్కాన్ నుంచి. మొత్తం 100 ఉన్నది 50కి దిగి, తర్వాత 60కి వచ్చిందనుకోండి. మొదటికంటే చాలా చిన్నదే, అయినా లెక్కలో ముదిరినట్టే. అన్ని స్కాన్లలోకీ తక్కువ కొలతను పట్టుకుంటాం కాబట్టి, ఆ రోజు గీత కాస్త పొట్టిగా పడి ఉంటే దాని తప్పు తర్వాతి ప్రతి పోలికనూ వెంటాడుతుంది.

మరి యంత్రం సంగతి? 2009లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 32 మందికి 15 నిమిషాల తేడాలోనే రెండోసారి సీటీ తీశారు. పావుగంటలో గడ్డ పెరగదు. అయినా కంప్యూటర్ సాయంతో కొలిచిన పొడవులో సుమారు 7 శాతం దాకా అటూ ఇటూ తేడా వచ్చింది, ఘనపరిమాణంలో 13 శాతం దాకా. పైకి చూస్తే ఘనపరిమాణమే అధ్వానం అనిపిస్తుంది. కానీ గోళం అడ్డుకొలత 20 శాతం పెరిగితే దాని ఘనపరిమాణం 73 శాతం పెరుగుతుంది. 20 పక్కన 7, 73 పక్కన 13. అసలు మార్పుతో పోల్చి చూస్తే ఘనపరిమాణంలోనే కొలత తడబాటు తక్కువ. ఏళ్లు గడిచినా మామూలు రిపోర్టుల్లో ఇంకా ఒక్క గీతనే నమ్ముకుంటున్నాం, దానికి కారణం తీరిక లేకపోవడమే తప్ప శాస్త్రం కాదనే నేననుకుంటాను. అంచులు గీసే పని ఇప్పుడు ఏఐకి అప్పగిస్తున్నారు. అది అలసిపోదు, అదే బొమ్మ ఇస్తే అదే గీత గీస్తుంది. అయితే ముడుచుకున్న ఊపిరితిత్తిని గడ్డలో కలిపేస్తే, ఆ తప్పునే ప్రతిసారీ నిక్కచ్చిగా చేస్తుంది.

సైజు ఒక్కటే సరిపోని సందర్భాలూ ఉన్నాయి. జీర్ణకోశంలో వచ్చే జిస్ట్ గడ్డలు ఇమాటినిబ్ మందుకు కుంచించుకుపోకుండానే లోపల మెత్తబడతాయి. అందుకే ఈ గడ్డల కోసం వచ్చిన చోయ్ ప్రమాణాల్లో సాంద్రత 15 శాతం తగ్గినా మందు పనిచేసినట్టే. శరీర రక్షణ వ్యవస్థనే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే ఇమ్యునోథెరపీలో రోగనిరోధక కణాలు గుమిగూడి గడ్డ ముందు ఉబ్బి, తర్వాత తగ్గే అవకాశం ఉంది. ఇమ్యునోథెరపీ కోసం రెసిస్ట్‌ను మార్చి 2017లో తెచ్చిన ‘ఐరెసిస్ట్’ అందుకే 4 నుంచి 8 వారాల తర్వాత మళ్లీ చూసి నిర్ధారించుకోమంటుంది.

రిపోర్టులో అంకె పక్కన ఇంకో రెండు వాక్యాలు రాయడం పెద్ద పనేం కాదు. ఏ బొమ్మ మీద కొలిచారు, పొర మందం ఎంత, కాంట్రాస్ట్ మందు ఎక్కించాక ఎంతసేపటికి తీశారు, పాత స్కాన్‌ను పక్కన పెట్టుకుని మళ్లీ కొలిచారా లేక పాత రిపోర్టులోని అంకెను ఎత్తి రాశారా. ఈ చివరిది మరీ ముఖ్యం. ఆ 18 మిల్లీమీటర్లు 5 మిల్లీమీటర్ల పొరల మీద ఒకరు కొలిచినవి, ఈ 20 ఒక మిల్లీమీటరు పొరల మీద ఇంకొకరు కొలిచినవి అయితే, ఇవాళ్టి రేడియాలజిస్టు పాత బొమ్మను తెరిచి తనే రెండు క్లిక్కులు చేస్తే అక్కడా 20 రావచ్చు.