సవరణ: విత్తనాల ప్రయాణం పాఠంలో ఉప్పుపొన్న, కొబ్బరి, జిల్లేడు

అంగన్‌వాడీ, ఒకటో తరగతి పిల్లల కోసం విత్తనాల ప్రయాణంపై ఇంతకుముందు ఇచ్చిన పాఠంలో, ఉప్పుపొన్న గింజలు కొబ్బరికాయల మాదిరిగా నీటిలో తేలిపోయి ఒడ్డు చేరాక మొలకెత్తుతాయని ఉన్న వాక్యాన్ని ఈ విధంగా సవరించి చదువుకోవాలని మనవి. కాకినాడ దగ్గర, సముద్రపు ఉప్పునీరు వచ్చిపోయే బురద నేలలో ఉన్న కోరంగి మడ అడవుల్లో పెరిగే ఉప్పుపొన్న చెట్టులో విత్తనం తల్లిచెట్టు మీద, కాయలో ఉండగానే మొలకెత్తుతుంది. ములక్కాడలా పొడవుగా, పచ్చగా వేలాడే ఆ మొలక ఆటు వేళ రాలితే దగ్గరి బురదలోనే నాటుకోవచ్చు, పోటు వేళ రాలితే నీటితోపాటు దూరం వెళ్లి వేరూనవచ్చు. అంటే అక్కడ ప్రయాణించేది గింజ కాదు, మొలక. పిల్లలను ఎక్కువగా ఆశ్చర్యపరిచేది ఇదే కనుక దీనికి తగినంత సమయం ఇవ్వాలి.

కొబ్బరికాయ పీచులోని గాలి వల్ల తేలుతుందన్నది సరైనదే. అయితే కోనసీమ తోటల్లోని చెట్లు కాలువల్లో కొట్టుకొచ్చి మొలిచినవని పిల్లలు అనుకునే అవకాశం ఉంది. అవి రైతులు మొక్కలు పెంచి నాటినవని తప్పక చెప్పాలి.

జిల్లేడు దూదే విత్తనమని ఉన్న చోట, దూది కుచ్చుకు అంటుకొని ఉండే చదునైన గోధుమరంగు పలుకే విత్తనమని చదవాలి. జిల్లేడు పాలు కళ్లకు హాని చేస్తాయి కాబట్టి ఎండి పగిలిన కాయలను పెద్దలే కోసి తేవాలి.